చిక్కు

“వేసవి సంచికకి ఏదైనా రాసివ్వండి, కాస్త సరదాగా ఉండాలి సుమా” అని సంపాదకులు ఫోను చేసినప్పుడు మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వేసవి అనగానే మన సంఘం పత్రికలో వచ్చేవి యెల్లోస్టోన్ యాత్రలు, అలాస్కా ఓడ ప్రయాణాలు, అవి కాకపోతే పెరట్లో కాసిన సొరకాయల పొడవు వెడల్పులు. మేము ఈమధ్య ఏ యాత్రకీ వెళ్ళలేదు. మా సొరపాదు ఆకులే తప్ప కాయలు ఇవ్వనని ఒట్టు పెట్టుకుంది. ఇక మేము రాయగలిగిందల్లా ఒక పిల్లి క్షౌరం గురించి. అందులో సరదా ఎంత ఉందో చదివినవాళ్ళే చెప్పాలి. మేము సిగ్గుపడవలసింది మాత్రం చాలా ఉంది. ఈ హ్యూస్టన్‌లో మనవాళ్ళ ఇళ్ళల్లో కూడా ఇప్పుడు బొచ్చు పిల్లులు బాగానే పెరుగుతున్నాయి కనుక, మేము పడ్డ సిగ్గు ఇంకొకరికి తప్పుతుందేమోనని రాస్తున్నాం.

ముందుగా పిల్లి పరిచయం. పేరు దూది. ఒళ్ళంతా మీగడ రంగు. మొహం, చెవులు, కాళ్ళు, తోక మాత్రం మసిలో ముంచి తీసినట్టుంటాయి. హిమాలయన్ అనే జాతి. పేరు విని, మంచుకొండల నుంచి దిగివచ్చిందనుకుని మొదట్లో మేమూ మురిసిపోయాం. తీరా చూస్తే ఇది అచ్చంగా అమెరికా సరుకే. పొడుగు బొచ్చు పర్షియన్ పిల్లికీ, ఒంటి చివరలు నల్లగా ఉండే సయామీ పిల్లికీ జత కలిపి 1930లలో ఈ దేశంలో ప్రయత్నాలు మొదలుపెట్టారట. 1957లో ఇక్కడి పిల్లుల సంఘం వారు వేరే జాతిగా గుర్తింపు ఇచ్చారు. ఇవే రంగులున్న కుందేళ్ళని హిమాలయన్ కుందేళ్ళంటారు. పేరు అక్కడి నుంచి వచ్చిందే కాని కొండల నుంచి కాదు. “మనకన్నా అచ్చమైన అమెరికన్ ఇది” అని మా ఇంట్లో హాస్యం.

2016లో మా అమ్మాయికి 11 ఏళ్ళప్పుడు ఈ పిల్లి ఇంటికొచ్చింది. మేము మొదట ససేమిరా అన్నాం. పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికి వెళ్ళినట్టు అని సామెత చెప్పుకునే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం. పిల్లి అంటే మాకు తెలిసిందల్లా పాలగిన్నె మీద మూత, మూత మీద పొత్రం. కాని ఆ పిల్ల ఆరు నెలలు పట్టు విడవలేదు. “అన్నీ నేనే చూసుకుంటాను” అంది. చూసుకుంది కూడా. రోజూ హోంవర్కు అయ్యాక మేడమెట్లలో ఆఖరి మెట్టు మీద కూర్చుని, దూదిని ఒళ్ళో వేసుకుని, ఇనప దువ్వెనతో పది నిమిషాలు దువ్వేది. మేము ఆ పక్క నుంచే వంటింట్లోకీ హాల్లోకీ తిరుగుతూ ఉండేవాళ్ళం. ఏడేళ్ళలో ఒక్కరోజైనా ఆగి, ఆ పిల్ల ఏం చేస్తోందో, ఎలా చేస్తోందో చూసిన పాపాన పోలేదు.

2023 ఆగస్టులో అమ్మాయి కాలేజీ చదువుకి బోస్టన్ వెళ్ళింది. వెళ్ళేముందు ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించింది. “రోజూ పది నిమిషాలు. చెవుల వెనక, చకల కింద, పొట్ట మీద. పైపైన కాదు.” ఆదివారం తెలుగు బడి చలవ వల్ల తెలుగులోనే రాసింది. చంకలకి సున్నా మరిచిపోయింది, అంతే.

సెప్టెంబరంతా బుద్ధిగా దువ్వాం. అక్టోబరులో దసరా, ఆ వెనకనే దీపావళి కార్యక్రమాలు, రిహార్సళ్ళు. ఆ తరవాత ఆఫీసులో ఏడాది చివరి పనులు. “ఇవాళ్టికి కానీ, రేపు కాసేపు ఎక్కువ దువ్వుదాం” అని ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం. పైన నిమిరితే దూది ఎప్పటిలాగే మెత్తగా ఉండేది. లోపల ఏముందో ఎవరు చూశారు?

ఆ డిసెంబరులో అమ్మాయి సెలవులకి వచ్చింది. వచ్చిన నాలుగో రోజున, ఇంజనీరింగు మానేసి చరిత్ర చదువుతానంది. మేము కొన్ని మాటలన్నాం. “దానితో అన్నం పుడుతుందా?” అన్నది ఒకటి. “పరాయి దేశం వచ్చి మేము ఇంత పడింది ఇందుకా?” అన్నది ఇంకొకటి. ఇలాంటి మాటలు ఇద్దరిలో ఎవరన్నారో చెప్పనక్కర్లేదు, ఈ పత్రిక చదివే చాలామందికి సొంత ఇంట్లో విన్నట్టే ఉంటుంది. అమ్మాయి ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. “సరే” అని వెళ్ళి ఆ ఆఖరి మెట్టు మీద దూదితో కూర్చుంది. ఉన్న మూడు వారాలూ, మా బద్ధకం వల్ల పడ్డ చిక్కులన్నీ తనే తీసి, మమ్మల్ని ఒక్క మాట అనకుండా బోస్టన్ వెళ్ళిపోయింది.

అప్పట్నించీ ఆదివారం ఫోను కురచైపోయింది. మేము మూడు అడిగేవాళ్ళం. తిన్నావా, చలిగా ఉందా, డబ్బులేమైనా కావాలా. తను ఒకటే అడిగేది, “దూదిని దువ్వుతున్నారా?” అని. “ఆ, రోజూ” అనేవాళ్ళం. జనవరిలో నాలుగైదు రోజులు దువ్వి ఉంటాం. ఆ తరవాత దువ్వెన ఎక్కడుందో కూడా మాకు తెలియదు. వేసవిలో అక్కడి లైబ్రరీలో పని దొరికిందని తను ఇంటికి రాలేదు. పని దొరికి రాలేదో, రావడం ఇష్టంలేక పని వెతుక్కుందో మేము అడగలేదు.

2024 జులై 8వ తేదీ సోమవారం తెల్లవారుజామున బెరిల్ తుపాను మాటగోర్డా దగ్గర తీరం దాటి మన మీదికి వచ్చింది. ఆ ఉదయం హ్యూస్టన్ చుట్టుపక్కల 22 లక్షలకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయిన సంగతి ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. 1990 మే తుపానప్పుడు తెనాలిలో రోజుల తరబడి లాంతరు వెలుగులో గడిపినవాళ్ళం కనుక మొదటి రోజు ధైర్యంగానే ఉన్నాం. కాని తెనాలి ఇల్లు వేరు. ఎత్తయిన పెంకుల కప్పు, ఎదురెదురు కిటికీలు, వెనక వసారా, బావి చుట్టూ చల్లని గచ్చు. ఇక్కడి ఇల్లు ఎ.సి.ని నమ్ముకుని కట్టిన పెట్టె. బుధవారం మధ్యాహ్నానికి హాల్లో థర్మామీటరు 93 డిగ్రీలు చూపించింది. బయట తేమ సంగతి సరేసరి.

దూది రెండు రోజులుగా స్నానాలగదిలో పలకల మీద బారుగా పడి ఉంది. చల్లదనం కోసం పడుకుందిలే అనుకున్నాం. బుధవారం సాయంత్రం నీళ్ళగిన్నె నింపడానికి వెళ్ళి చూస్తే నోరు తెరుచుకుని, నాలుక బయటపెట్టి, కుక్కలా వగరుస్తోంది. పిల్లి అలా వగర్చడం మేమెన్నడూ చూడలేదు. “పాపం, ఈ ఉడుకులో కంబళి కప్పుకున్నట్టుంది దానికి, ఆ బొచ్చు కాస్తా తీసేస్తే సరిపోతుంది” అనుకున్నాం. అప్పుడు, ఆరు నెలల తరవాత, చెయ్యి లోపలికి పెట్టి తడిమాం. పైన అంగుళం మందాన దూది. దాని కింద గొంగళి. చంకల కింద, పొట్ట మీద, పక్కటెముకల వెంబడి బొచ్చంతా అట్టకట్టి, చర్మానికి కరుచుకుని ఉంది. వేలు దూర్చడానికి సందు లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. మేము కత్తెర పట్టుకున్నాం. వంటింట్లో కొత్తిమీర కట్టలు కత్తిరించే కత్తెర. మాలో ఒకరు పిల్లిని పట్టుకుని టార్చి చూపిస్తే, ఒకరు కత్తిరించారు. ఎవరు ఏ పని చేశారన్నది ఇక్కడ రాయం, ఆ తగువు ఇంకా తేలలేదు. మొదటి రెండు ఉండలు బాగానే వచ్చాయి. మూడోది చంక కిందది. దాన్ని వేళ్ళతో పైకెత్తి, కిందనుంచి కత్తెర పోనిచ్చి నొక్కాం. బొచ్చు తెగితే ఒక చప్పుడు వస్తుంది. ఇది ఆ చప్పుడు కాదు.

అంగుళం మేర చర్మం తెగి తెరుచుకుంది. దూది అరవలేదు, రక్కలేదు. మా మొహం కేసి చూసింది. అంతే. ఆ చూపు గురించి ఇంతకన్నా రాయలేం.

తువ్వాలు నొక్కిపెట్టి కారెక్కాం. దారి పొడుగునా సిగ్నళ్ళు లేవు. జనరేటరు మీద నడుస్తున్న పశువుల ఆసుపత్రి ఒకటి ముప్పావుగంట దూరంలో దొరికింది. డాక్టరు చిన్నపిల్ల, మా అమ్మాయి కన్నా ఏడెనిమిదేళ్ళు పెద్దదై ఉంటుంది. గాయం సంగతి తరవాత, ముందు వేడి తగ్గాలి అంది. దూదికి జ్వరంలా 104 దాటింది. మామూలుగా పిల్లి ఒళ్ళు 100 నుంచి 102న్నర డిగ్రీల దాకా ఉంటుందట. పిల్లి నోరు తెరిచి వగరుస్తోందంటే ఇంట్లో చిట్కాలు వెతుక్కునే సమయం కాదనీ, అందులోనూ ఇలా ముక్కు చప్పిడిగా ఉండే జాతికి ఊపిరి ఆడడమే కష్టమనీ చెప్పింది. తడిగుడ్డలు, ఫాను, ఆక్సిజను పెట్టారు. మంచునీళ్ళు మాత్రం పొయ్యకూడదట, పోస్తే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుపోయి లోపలి వేడి లోపలే ఉండిపోతుందట. వేడి దిగాక, మత్తిచ్చి నాలుగు కుట్లు వేసి, అట్టకట్టిన బొచ్చంతా మిషనుతో తీసింది. రెండు గంటలు పట్టింది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది.

తీసిన బొచ్చుని ఒక తొట్టిలో వేసి చూపించింది. ఇంకో పిల్లి పడుకున్నట్టుంది. అప్పుడు మాకు పాఠం చెప్పింది. ఆ పాఠం కోసమే ఈ వ్యాసం, కనుక కాస్త ఓపిగ్గా చదవండి.

పిల్లికి పాదాల అడుగున తప్ప ఒంటి మీద చెమట పట్టదు. అది ఒళ్ళు నాకి తడుపుకుంటుంది, ఆ తడి ఆరేటప్పుడు చల్లబడుతుంది. మన ఊళ్ళల్లో రోహిణీకార్తెలో వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళు గుర్తుందా? అదే సూత్రం. తడక సందుల్లోంచి గాలి ఆడినంతసేపూ ఇల్లు చల్లగా ఉండేది. అదే తడకకి మట్టి మెత్తితే? అట్టకట్టిన బొచ్చు అలాంటిది. తడి లోపలికి వెళ్ళదు, వేడి బయటికి రాదు. శుభ్రంగా దువ్విన బొచ్చయితే ఎంత పొడుగున్నా దాని వెంట్రుకల మధ్య గాలి నిలిచి, చలినీ కొంత ఆపుతుంది, ఎండనీ కొంత ఆపుతుంది. అంటే బొచ్చు పొడుగు కాదు, చిక్కు తప్పు. “మీ పిల్లికి ఉన్నది వేసవి జబ్బు కాదు, ఆరు నెలల జబ్బు” అంది ఆ డాక్టరు. కోపంగా అనలేదు, లెక్క చెప్పినట్టు అంది.

చర్మం సంగతీ చెప్పింది. పిల్లి చర్మం మన చర్మంలా ఒంటికి బిగించి ఉండదు, వదులుగా, పల్చగా ఉంటుంది. చిక్కు ఉండని పైకెత్తితే చర్మం కూడా డేరాలా దానితో లేస్తుంది. పైనుంచి చూసేవాడికి బొచ్చు ఎక్కడ అయిందో, చర్మం ఎక్కడ మొదలైందో తెలియదు. కత్తెరతో ఇలా కోసుకుని వచ్చేవాళ్ళు ప్రతి వేసవిలోనూ ఉంటారట. మేము మొదటివాళ్ళం కాము అన్నది ఆ రాత్రి మాకు దక్కిన ఒకే ఒక్క ఓదార్పు.

ఆసుపత్రి బయట కారులోనే కూర్చుని అమ్మాయికి ఫోను చేశాం. చెయ్యకుండా ఉండడానికి కారణాలు చాలానే వెతుక్కున్నాం. బోస్టన్‌లో అర్ధరాత్రి దాటి ఉంటుంది, కంగారు పడుతుంది, కుట్లు మానాక చెప్పొచ్చు, అసలు బొచ్చు మొలిచాక చెప్పకపోయినా పోయేదేముంది? చివరికి ఎవరి వేలు నొక్కిందో కాని ఫోను మోగింది.

“ఏమైందమ్మా ఈ వేళప్పుడు?”

“దూదికి దెబ్బ తగిలింది తల్లీ. మా వల్లే. ఇప్పుడు పరవాలేదు.” జరిగింది చెప్పాం. అంతటితో ఆపొచ్చు. ఆపలేదు. “జనవరి నుంచి దువ్వలేదమ్మా. రోజూ దువ్వుతున్నామని నీతో అబద్ధం చెప్పాం” అన్నాం.

అవతల చాలాసేపు చప్పుడు లేదు. కారులో ఎ.సి. ఒక్కటే రొద పెడుతోంది.

“నాకు తెలుసు నాన్నా” అంది.

“ఎలా?”

“వీడియోలో ఎప్పుడూ దాని మొహమే చూపించేవాళ్ళు.”

తిట్టలేదు. ఏడ్చింది కాని, మాకు వినపడకుండా ఏడ్చింది. తరవాత ముక్కు చీదుకుని, “ఇంకా ఏమైనా చిక్కులు మిగిలాయా?” అని అడిగింది. చెవుల వెనక రెండు, తొడ మీద ఒకటి చిన్నవి ఉన్నాయనీ, నెమ్మదిగా దువ్వుకోవచ్చని డాక్టరు వదిలేసిందనీ చెప్పాం. “వాటికి కత్తెర పెట్టకండి. రేపు సాయంత్రం నేను ఫోనులో ఉంటాను, చెప్పినట్టు చెయ్యండి” అంది.

మా ఇంటికి కరెంటు శనివారం దాకా రాలేదు. కరెంటు వచ్చిన మిత్రులు రమ్మంటే పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికి కాకపోయినా వాళ్ళింటికి వెళ్ళాం. సగం గుండు, మెడకి గరాటాలాంటి పట్టీతో దూదిని చూసి వాళ్ళ పిల్లలు నవ్వాలో వద్దో తెలియక నిలబడ్డారు. మర్నాటి సాయంత్రం ఎనిమిదిన్నరకి అమ్మాయి ఫోను చేసింది. ఫోనుని పచ్చళ్ళ సీసాకి ఆనించి, దూదిని ఒళ్ళో వేసుకున్నాం.

“ముందు చిటికెడు కార్న్‌స్టార్చ్ జల్లి వేళ్ళతో రుద్దండి, జారుతుంది. ఇప్పుడు చిక్కు కింద, కుదురు దగ్గర రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకోండి. చర్మం లాగకూడదు, మీ వేళ్ళే లాగుడు కాయాలి. ఇప్పుడు దువ్వెన. కుదురు నుంచి కాదు నాన్నా, చివర నుంచి! చివర కొంచెం విడిపించి, ఇంకొంచెం పైకి, ఇంకొంచెం పైకి. చెవులు వెనక్కి పెడితే ఆపేయండి. మళ్ళీ రేపు.”

ఇదంతా ఏ పుస్తకంలో చదివావే అని అడిగాం. “పుస్తకమేమిటి, నాయనమ్మ చూపించింది” అంది. అప్పుడు మాకు గుర్తొచ్చింది. ఆ పిల్లకి ఆరేళ్ళప్పుడు ఒక వేసవి తెనాలిలో వదిలాం. తలంటి పోసుకున్నాక, సాయంత్రం అరుగు మీద నాయనమ్మ మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని తల చిక్కు తీసేది. ఆ పిల్ల ఈ దేశంలో పుట్టి, అక్కడ నాలుగు వారాలుండి, ఆ చేతివాటం పట్టుకొచ్చింది. అదే అరుగు మీద ఏళ్ళ తరబడి తిరిగిన మాకు అది రాలేదు. జరిగిన సంగతి విని ఆ పెద్దావిడ తెనాలి నుంచి ఫోనులో అన్న మాట ఒకటే: “చిక్కుకి కత్తెర పెడతారుటర్రా? ఇంట్లో దువ్వెన లేదూ?”

చెవి వెనక చిక్కు ఒక్కొక్కటీ మూడు సాయంత్రాలు పట్టింది. అవి అయిపోయాక కూడా ఎనిమిదిన్నర ఫోను ఆగలేదు. రోజూ పది నిమిషాలు, మేము దువ్వడం, తను చూడడం. మొదట్లో పిల్లి మాటలే. ఇవాళ తిందా, కుట్టు ఎర్రగా ఉందా, పట్టీ విప్పేశారా. చదువు సంగతి మేము ఎత్తలేదు, తనూ ఎత్తలేదు. సెప్టెంబరులో ఒకనాడు తనే, “నాన్నా, ఒక పేరు చదువుతాను, ఏమై ఉంటుందో చెప్తారా?” అంది. 1860లో మద్రాసులో బయల్దేరి నవంబరు 16న దక్షిణాఫ్రికాలో డర్బన్ చేరిన ట్రూరో అనే ఓడ గురించి ఏదో వ్యాసం రాస్తోందట. చెరుకు తోటల్లో పనికి మనవాళ్ళని మొదటగా అక్కడికి తీసుకువెళ్ళిన ఓడ అది. అలాంటి ఓడల్లో వెళ్ళినవాళ్ళ పేర్లూ ఊళ్ళూ, ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నాడు. అవి మళ్ళీ తెలుగులో ఏ పేర్లో కూడబలుక్కోవాలి. దువ్వుతూ దువ్వుతూ, ఇది వెంకటి అయి ఉంటుందా, ఎంకన్న అయి ఉంటుందా అని మేమిద్దరం పోట్లాడుకోవడం మొదలుపెట్టాం. పది నిమిషాలు అరగంట అయింది. దూది ఒళ్ళోనే నిద్రపోయింది.

చరిత్రతో అన్నం పుడుతుందో లేదో మాకు ఇప్పటికీ తెలియదు. ఆ దిగులు పోయిందని రాస్తే ఇంకో అబద్ధం అవుతుంది. కాని అక్టోబరులో ఒక సాయంత్రం, “ఆనాడు నిన్ను అలా అనకుండా ఉండవలసింది” అన్నాం. మన ఇళ్ళల్లో అమ్మానాన్నలు ఇలాంటి మాట అనడం అలవాటు లేదు కనుక, పిల్లి వీపు కేసి చూస్తూ అన్నాం. అవతల కాసేపు మాట లేదు. “దువ్వండి నాన్నా, ఆపకండి” అంది.

ఇక బొచ్చు సంగతి. మిషను పెట్టిన చోట మళ్ళీ మునుపటిలా పెరగడానికి ఆరు నెలలు పట్టింది. పెరిగిందే కాని, మీగడ రంగులో కాదు. పక్కటెముకల మీద అరచెయ్యంత మేర బూడిద నలుపు! గాయం లోపల ఏదో అయిందని హడిలిపోయి డాక్టరుకి ఫోను చేశాం. ఆమె నవ్వింది. ఈ జాతి వెంట్రుకకి నలుపునిచ్చే పదార్థం ఒళ్ళు చల్లగా ఉన్నచోటే పనిచేస్తుందట. అందుకే చెవులు, ముక్కు, కాళ్ళు, తోక నలుపు, వెచ్చగా ఉండే నడిమి ఒళ్ళు తెలుపు. గుండు చేసిన చోట చర్మానికి మా ఇంటి ఎ.సి. చలి తగిలింది, కొత్త వెంట్రుక నల్లగా మొలిచింది. పాతబొచ్చు రాలి కొత్తది వచ్చేటప్పుడు అదే తెల్లబడుతుంది, కంగారు పడకండి అంది. ఆ శీతాకాలమంతా దూది మా తప్పుని ఒంటి మీద మచ్చలా మోసుకుని ఇల్లంతా తిరిగింది.

2025 మే నెలలో అమ్మాయి ఇంటికొచ్చింది. ఆ వేసవికి దూదికి పద్ధతి ప్రకారం క్షౌరం చేశాం. అదెలాగో చెప్పి ముగిస్తాం, అవసరమున్నవాళ్ళు కత్తిరించి దాచుకోండి. కాగితాన్ని మాత్రమే, కత్తెరతో.

మొదట దువ్వాలి. పై బొచ్చు కాదు, లోపలి నూగు. వేసవి ముందు ఊడిపోయే ఆ నూగు దువ్వెనకి వస్తేనే సగం బరువు తగ్గుతుంది. చిక్కు ఉండగా స్నానం చేయించకూడదు, తడిసిన ముడి ఇంకా బిగుసుకుంటుంది. చిక్కు తియ్యలేనంతగా అట్టకడితే మీరు ముట్టుకోకండి, డాక్టరు దగ్గరికో, చెయ్యి తిరిగిన పనివాళ్ళ దగ్గరికో తీసుకెళ్ళండి. చిక్కు లేని పిల్లికి ఇంట్లో చేసుకోవచ్చు. జంతువుల మిషనే కొనండి, 10వ నంబరు బ్లేడు పెట్టండి. బ్లేడు చర్మానికి సమాంతరంగా ఆనించి నడపాలి, మొనతో పొడవకూడదు. చంకలు, గజ్జలు, పొట్ట మీద చర్మం ముడతలు పడి ఉంటుంది, ఇంకొకరు దాన్ని సాపుగా పట్టుకోవాలి. ఆడపిల్లయినా మగపిల్లయినా పొట్ట మీద చనుమొనలుంటాయని మరిచిపోకండి. రెండు మూడు నిమిషాలకోసారి బ్లేడు మీ మణికట్టుకి ఆనించి చూసుకోండి, కాలితే ఆపండి.

పొట్ట, వెనక కాళ్ళ మధ్య, తోక కింద తీస్తే చాలు, పలకల మీద పడుకున్నప్పుడు చల్లదనం నేరుగా ఒంటికి తగులుతుంది. వీపు మీద అంగుళం బొచ్చు ఉంచండి. నున్నగా గీసేస్తే, కిటికీలో కూర్చునే పిల్లికి ఎండ చర్మాన్ని కాలుస్తుంది. తెల్ల పిల్లులకి చెవులూ ముక్కూ ఎండకి కాలి కాన్సరు కూడా రావచ్చు. మీసాలు ముట్టుకోవద్దు, వాటితోనే అది దారి చూసుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఒకే రోజున అంతా అయిపోవాలనుకోకండి. మేము నాలుగు సాయంత్రాలు చేశాం. అమ్మాయి పట్టుకుంది, మాలో ఒకరు మిషను నడిపారు, ఒకరు దువ్వారు. ఎవరు ఏది అన్నదానికి ఈసారి తగువు లేదు. పాత నల్లమచ్చ అప్పటికే రాలిపోతోంది. దువ్వెనకి వచ్చిన ఆ నల్లటి నూగుని అమ్మాయి ఒక కవరులో వేసి దాచుకుంది. ఎందుకని అడిగితే, “చరిత్ర” అంది.

కొత్తిమీర కత్తెర మళ్ళీ కొత్తిమీర పనికే పోయింది. ఫ్రిజ్ మీద కాగితం అలాగే ఉంది. చంకల సున్నా ఎవరమూ దిద్దలేదు.

ఎనిమిదిన్నర కావస్తోంది. దువ్వెన తీసుకోవాలి. ఇక సెలవు.